అవ్వ సున్నపుకాయ జేబులో ఉంటే కలలో మెలకువ వస్తుందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మైదుకూరు దగ్గర పల్లె. ప్రస్తుతం కడపలో రూమ్ తీసుకుని డీఎస్సీకి చదువుతున్నాను. నన్ను పెంచింది మా అవ్వ. పోయిన ఏడాది చనిపోయింది. అప్పటినుంచి తరచూ కలలోకి వస్తోంది. మా పాత ఇంటి అరుగు మీద కూర్చుని ఆకు వక్క వేసుకుంటూ ఉంటుంది. నేనేమో ఏదో పని ఉన్నట్టు 'వస్తా ఉండవ్వా' అని దాటిపోతాను. లేచాక ఏడుపొస్తుంది. ఆ ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టి కూడా చాలా రోజులైంది, అయినా కలలో ఏదీ తేడాగా అనిపించదు. లూసిడ్ డ్రీమింగ్ (కలలో ఉండగానే అది కల అని తెలుసుకోవడం) వీడియోలు చూశాను. ఒక హాలీవుడ్ సినిమాలోలాగా మన సొంత వస్తువు ఒకటి దగ్గర పెట్టుకుని, దాని బరువు, స్పర్శ బాగా గుర్తుపెట్టుకుంటే ఉన్నది కలలోనో కాదో తెలుస్తుందట. అవ్వ వాడిన ఇత్తడి సున్నపుకాయ నా దగ్గర ఉంది. అడుగున ఆమె పేరు కొట్టించి ఉంది. కొన్ని వారాలుగా జేబులో పెట్టుకుని తిరుగుతూ ఎప్పుడు పడితే అప్పుడు తడిమి చూసుకుంటున్నాను. ఒక్కసారీ పని చేయలేదు. ఒక కలలో జేబులో చెయ్యి పెడితే అది లేదు, రూములో మరిచిపోయి వచ్చాననుకుని ఊరుకున్నాను. వస్తువు మార్చాలా? దీనికేదో టాబ్లెట్ ఉందని ఫ్రెండ్ అంటున్నాడు, వాడొచ్చా? రాత్రి ఒంటిగంట దాకా చదివి ఐదుకు లేస్తాను. అవ్వ ఇన్నిసార్లు కలలోకి వస్తోందంటే పెద్దలకు ఏదో లోటు చేశామని అమ్మ టెన్షన్ పడుతోంది. నేను చేస్తున్న ఈ ప్రయత్నం ఆమెకు చెప్పలేదు.
(పేరు రాయవద్దన్నారు), కడప

జవాబు: వస్తువు మార్చే పనిలేదు. సున్నపుకాయ చాలా మంచి ఎంపిక. దాన్ని వాడే తీరు మార్చుకోవాలి. అంతకంటే పెద్ద అడ్డంకి మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి, ఒంటిగంటకు పడుకుని ఐదుకు లేవడం. దాని దగ్గరికి కూడా వస్తాను.

ముందుగా, ఇదంతా వీడియోల వాళ్ల మాయేమోనన్న అనుమానం ఏ మూలనైనా ఉంటే తీసేయండి. కలలో ఉండగానే 'ఇది కల' అని తెలియడం ప్రయోగశాలల్లో రుజువైంది. కలలు దట్టంగా వచ్చే నిద్రను రెమ్ నిద్ర అంటారు. ఆ సమయంలో ఒంట్లో కండరాలు పట్టు వదిలేసి ఉంటాయి, కాళ్లూ చేతులూ కదలవు. కళ్లు మాత్రం రెప్పల కింద కదులుతూనే ఉంటాయి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు దీన్నే దారిగా చేసుకున్నాడు. కల అని తెలిసిన వెంటనే కళ్లను ఎడమకూ కుడికీ ఇన్నిసార్లు తిప్పాలని అలన్ వర్స్‌లీ అనే అతనితో ముందే అనుకున్నాడు. వర్స్‌లీ నిద్రలోనే ఆ సైగ చేశాడు, యంత్రం మీద గీతలు పడ్డాయి. కొన్నేళ్లకే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో స్టీఫెన్ లబెర్జ్ కూడా విడిగా ఇదే నిరూపించాడు. 2021లో వచ్చిన ఒక పరిశోధనలో ఇంకా ముందుకు పోయారు. కలలో ఉన్న మనిషిని '8లోంచి 6 తీస్తే ఎంత?' అని అడిగితే, అతను కళ్లను రెండుసార్లు తిప్పి జవాబు చెప్పాడు. ఇది ఏ కొద్దిమందికో దక్కే విద్య కూడా కాదు. యాభై ఏళ్ల పరిశోధనలను కలిపి 2016లో వేసిన లెక్క ప్రకారం సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చింది.

ఇక ఆ సినిమా సంగతి. అందులోని పాత్రలు వేరేవాళ్ల కలల్లోకి వెళ్తుంటాయి. తన వస్తువు బరువు ఎంతో ఎదుటివాడికి తెలియదు కాబట్టి, వాడి కలలో ఆ వస్తువు తేడాగా ఉంటుందన్నది అక్కడి లెక్క. కథ వరకు అది సరిపోతుంది. మీ కల మాత్రం మీదే, దాన్ని అల్లేది మీ మెదడే. సున్నపుకాయ ఎంత బరువు, మూత ఎంత బిగువు, ఎక్కడ సొట్ట పడింది, ఇవన్నీ మీరు వారాల తరబడి తడిమి దానికి నేర్పించారు. వాటిని గుర్తుపట్టి కలను పట్టుకోవాలనుకోవడం దొంగ చేతికే తాళాలిచ్చి కాపలా కూర్చోవడం లాంటిది. కలలో ఆ కాయను మీరు పట్టుకుంటే అది అచ్చం అవ్వ సున్నపుకాయలాగే ఉంటుంది. 'నిజమే, ఇదే' అని మీరు నమ్మేస్తారు.

మరి కలకు చేతకానిది ఏది? అక్షరాలను నిలకడగా ఉంచడం. మెలకువలో ఒక పేరు చదివి, చూపు తిప్పి, మళ్లీ చదివితే అదే పేరు ఉంటుంది, ఎందుకంటే అక్షరాలు బయట, ఇత్తడి మీద ఉన్నాయి. కలలో బయట ఏమీ లేదు. చూసిన ప్రతిసారీ మెదడు ఆ అక్షరాలను కొత్తగా తయారుచేసుకోవాలి. అందుకే రెండోసారి చూసేసరికి పేరు మారిపోతుంది, అక్షరాలు కలిసిపోతాయి, లేదా చదవబోతుంటే జారిపోతాయి. గడియారంలో అంకెలదీ ఇదే తంతు. మీరు అదృష్టవంతులు, మన ఇళ్లల్లో ఇత్తడి సామాను మీద పేరు కొట్టించే అలవాటు వల్ల మీ వస్తువు మీదే చదవడానికి ఒక పేరు ఉంది. ఇప్పటిదాకా మీరు కాయను తడిమారు, ఇక మీదట దాన్ని చదవాలి.

ఎలాగంటే, జేబులోంచి తీయండి. తిరగేసి అడుగున ఉన్న పేరును ఒక్కో అక్షరం చదవండి. తల ఎత్తి రోడ్డునో గోడనో చూడండి. మళ్లీ చదవండి. అంతా మునుపటిలాగే ఉందా? ఉంటే వెంటనే జేబులో వేసుకోకండి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. 'నేను ఇప్పుడు మెలకువగానే ఉన్నానని ఎలా చెప్పగలను?' అని మిమ్మల్ని మీరు నిజంగా అడగండి. ఇక్కడికి ఎలా వచ్చాను, దానికి ముందు ఎక్కడున్నాను అని వెనక్కి నడవండి. ఏడు రోడ్ల దగ్గర నిలబడి ఉన్నారనుకోండి. ఆటో దిగాను, అంతకుముందు బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చున్నాను, పొద్దున కారం దోశ తిన్నాను అని దారం తెగకుండా పోగలిగితే మీరు మెలకువలో ఉన్నట్టే. కలలో ఈ దారం దొరకదు. అరుగు ముందు ఉంటారు, అంతే. మైదుకూరు బస్సు ఎప్పుడు ఎక్కారో, పడగొట్టిన ఇంటికి ఎలా చేరారో దానికి లెక్క ఉండదు.

జర్మనీకి చెందిన పాల్ తోలీ అనే మనస్తత్వవేత్త తన సాధన మొత్తాన్ని ఈ ప్రశ్న మీదే కట్టాడు. రోజులో చాలాసార్లు అడగాలి, అడిగిన ప్రతిసారీ జవాబు తెలియనట్టే అడగాలి. టిబెట్ బౌద్ధంలో శతాబ్దాలుగా ఉన్న స్వప్న సాధనలోనూ పగటిపూట చూసే ప్రతిదాన్నీ కలగా భావించమని చెబుతారు. మన మాండూక్యోపనిషత్తు అయితే మెలకువను, కలను పక్కపక్కన పెట్టి పరిశీలించి, గాఢ నిద్రనూ చూసి, వీటన్నిటినీ దాటిన నాలుగోదాని గురించి మాట్లాడుతుంది. అంత దూరం మనం పోనక్కర్లేదు గానీ, ఈ ప్రశ్న పాతది, గొప్పది. జేబు తడిమినంత తేలిగ్గా దాన్ని అడగడం కుదరదు.

వస్తువుతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, మనసు మాత్రం నోట్స్ మీదో సెల్‌ఫోన్ మీదో ఉంటుంది. పగలు ఎలా చేస్తే కలలోనూ అలాగే చేస్తారు. పరధ్యానంగా తడిమితే కలలోనూ పరధ్యానంగా తడిమి ముందుకు పోతారు. కాబట్టి లెక్క తగ్గించండి, శ్రద్ధ పెంచండి. ఏదైనా కాస్త వింతగా అనిపించినప్పుడు తప్పకుండా చేయండి. ఉన్నట్టుండి కరెంటు పోయినప్పుడు, చాలా కాలంగా కనపడని మనిషి ఎదురైనప్పుడు, మండే ఎండాకాలంలో పాలకొండల వైపు నుంచి మబ్బు కమ్మినప్పుడు. అన్నిటికన్నా ముఖ్యంగా, అవ్వ గుర్తొచ్చిన ప్రతిసారీ. నిద్ర లేవగానే కూడా ఒకసారి చూడండి. లేచి, మొహం కడుక్కుని, పుస్తకం తెరిచినట్టు కల రావడం చాలామందికి జరుగుతుంది. ఆ అబద్ధపు మెలకువను పట్టుకోవడానికి అదే సరైన సమయం.

పేరు చదవడంతో పాటు ఇంకో పరీక్ష జత చేయండి, ఎందుకంటే అప్పుడప్పుడు కలలోనూ అక్షరాలు నిలిచే ఉంటాయి. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసి, నోరు కూడా మూసి, ఊపిరి పీల్చే ప్రయత్నం చేయండి. మెలకువలో గాలి ఆడదు. కలలో ముక్కు మూసినా హాయిగా ఊపిరి ఆడుతుంది, ఎందుకంటే మంచం మీదున్న మీ అసలు ముక్కు తెరిచే ఉంది. చాలామందికి ఇది అక్షరాల కంటే నమ్మకంగా పనిచేస్తుంది. కలో కాదో తేల్చుకోవడానికి మిద్దె మీంచి దూకడం, రోడ్డు మీద కళ్లు మూసుకుని నడవడం లాంటివి మాత్రం ఎప్పుడూ, ఎంత నమ్మకంగా అనిపించినా చేయకూడదు. తప్పయితే ప్రమాదం జరిగే పరీక్ష పరీక్షే కాదు.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం ఒకటుంది. కలలో చెయ్యి జేబులోకి పోయింది, కాయ లేదు, రూములో మరిచిపోయాననుకున్నారు. సాధన పనిచేయలేదని మీరు బాధపడుతున్నారు. నాకైతే ఇది చాలా మంచి కబురు. పగటి అలవాటు అప్పుడే కలలోకి చేరింది. చెయ్యి తన పని తాను చేసింది, ప్రశ్న ఒక్కటే దానితో రాలేదు. రెమ్ నిద్రలో నుదుటి వెనక ఉండే మెదడు భాగం చురుకు తగ్గి ఉంటుంది. తర్కం, 'ఇదేంటి ఇలా ఉంది' అనే విచారణ చాలావరకు దాని పనే. అందుకే కలలో ఎంత పెద్ద వింతకైనా ఒక సాకు క్షణంలో తయారవుతుంది. వస్తువు కనపడకపోతే మరిచిపోయాననిపిస్తుంది, పేరు మారితే ఇది వేరే కాయేమోననిపిస్తుంది, చనిపోయిన మనిషి కనపడితే ఊరెళ్లి వచ్చిందేమో అనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా ఒక పని చేయండి. వారంలో కొన్ని రోజులు సున్నపుకాయను కావాలనే రూములో వదిలి బయటికి వెళ్లండి. అలవాటుగా చెయ్యి జేబులోకి పోతుంది, ఖాళీగా తగులుతుంది. ఆ ఖాళీ తగిలిన ప్రతిసారీ ఆగి, ముక్కు మూసి చూసి, ప్రశ్న అడగండి. కాయ ఉండటం ఎంత గుర్తో, లేకపోవడం కూడా అంతే గుర్తు అయ్యేదాకా చేయండి. మీ కలలో వస్తువు దొరకలేదు కాబట్టి, మీకు ఇదే ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం. పైగా అవ్వ జ్ఞాపకంగా మిగిలిన వస్తువును రోజూ బస్సుల్లో, ఆటోల్లో తిప్పి పోగొట్టుకునే భయమూ తగ్గుతుంది.

అయితే సున్నపుకాయ పగటికి ఎంత మంచి గుర్తయినా, రాత్రికి మీ దగ్గర అంతకంటే గట్టి గుర్తులు రెండున్నాయి. ఒకటి అవ్వ, రెండోది ఆ ఇల్లు. మెలకువలో మీకు ఈ రెండూ కనపడే వీల్లేదు. కాబట్టి ఎప్పుడు కనపడినా అది కలే. ఇంత సూటిగా, ఇంత తరచుగా వచ్చే గుర్తు చాలామందికి దొరకదు. వాళ్లు నెలల తరబడి కలలు రాసుకుని వెతుక్కోవాలి. మీరూ మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. లేవగానే కదలకుండా రెండు నిమిషాలు పడుకుని, కలను తోక పట్టుకుని వెనక్కి లాగి, గుర్తొచ్చినంత రాయండి. రాసేకొద్దీ కలలు ఎక్కువ గుర్తుంటాయి. అరుగు, ఆకు వక్క, మీ తొందర, ఇంకా ఏమేం మళ్లీ మళ్లీ వస్తున్నాయో కనపడతాయి. మీ తొందర కూడా ఒక గుర్తే అని నాకనిపిస్తోంది. ప్రతి కలలోనూ ఏదో పని మీద పోతున్నారు, ఆ పని ఏమిటో మీకే తెలియదు.

రాత్రి చేయాల్సింది ఇది. నిద్రలోకి జారుకునే ముందు, ఆఖరిసారి వచ్చిన అవ్వ కలను మనసులో మళ్లీ నడిపించండి. అరుగు దగ్గరికి వస్తున్నారు. ఆమెను చూశారు. ఈసారి దాటిపోరు, ఆగుతారు. ముక్కు మూసి చూస్తారు, ఊపిరి ఆడుతోంది. 'ఇది కల' అనుకుంటారు. దీన్ని చూస్తూ మనసులో అనుకోండి: 'ఈసారి అవ్వను చూసినప్పుడు ఇది కల అని గుర్తుకొస్తుంది.' మంత్రంలా అప్పజెప్పకండి. పొద్దున్నే అమ్మకు ఫోన్ చేయాలని మనసుకు చెప్పుకుని పడుకుంటారే, ఆ ఉద్దేశంతో చెప్పుకోండి. లబెర్జ్ తయారుచేసిన పద్ధతి ఇదే, నేను మీ అవ్వకు సరిపడేలా చెప్పానంతే.

ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోండి. పగటి పరీక్షలు ఒక్కటే చాలవు. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ 169 మందితో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. పగలు చెక్ చేసుకోవడం మాత్రమే చేసినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పగటి పరీక్షలతో పాటు, ఐదు గంటల నిద్ర తర్వాత లేచి, కాసేపు ఉండి, పైన చెప్పినట్టు సంకల్పం చెప్పుకుని మళ్లీ పడుకున్నవాళ్లకు ఆ వారంలో 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. సంకల్పం చెప్పుకున్నాక ఐదు నిమిషాల్లోపే నిద్రపట్టినప్పుడైతే అది 46 శాతం. అంటే అసలు కిటుకు తెల్లవారుజామున ఉంది.

ఇక్కడే మీ నిద్ర వేళలు అడ్డం పడుతున్నాయి. నిద్ర సుమారు 90 నిమిషాల చక్రాలుగా సాగుతుంది. మొదటి చక్రాల్లో గాఢ నిద్ర ఎక్కువ, రెమ్ కొద్దిసేపే. రాత్రి గడిచేకొద్దీ రెమ్ పొడవు పెరుగుతుంది. అన్నిటికంటే పొడవైన కలలు చివరి చక్రాల్లో వస్తాయి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అంటారు. నిజమవుతుందో లేదో గానీ, ఆ వేళ కలలు పొడవుగా, చిక్కగా ఉంటాయి, మెలకువకు దగ్గరగా ఉంటాయి కాబట్టి గుర్తుంటాయి. నాలుగు గంటలే పడుకుంటే రెండు, మూడు చక్రాలు దాటేసరికి అలారం మోగుతుంది. అవ్వ ఎక్కువగా వచ్చే వేళలో మీరు పుస్తకం ముందు కూర్చుని ఆవులిస్తున్నారు. చదువుకూ ఇది నష్టమే. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పదిన్నరకో పదకొండుకో పడుకుని ఐదున్నర, ఆరుకు లేవండి. చదువు గంటలు తగ్గాయని భయపడకండి, గుర్తుండేది పెరుగుతుంది. ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క మార్పు చేయండి.

మధ్యలో లేవడం మాత్రం వారానికి ఒకటి రెండుసార్లకు మించవద్దు, మర్నాడు పొద్దున్నే పని లేని రోజు చూసుకోండి. ఐదు గంటల నిద్ర తర్వాత లేచి, నీళ్లు తాగి, పది పదిహేను నిమిషాలు మిద్దె మీద తిరగండి. ఫోన్ ముట్టుకోవద్దు. తిరిగి పడుకుని సంకల్పం చెప్పుకోండి. ఎండాకాలంలో అలారం అవసరం కూడా ఉండదు. కడప వేడికి మిద్దె మీద పడుకున్నవాళ్లకు తెల్లవారుజామున చల్లగాలికో, దోమలకో ఎలాగూ మెలకువ వస్తుంది. విసుక్కోకుండా ఆ మెలకువనే వాడుకోండి.

సరే, ఒక రోజు అరుగు ముందు ఆగారు, కల అని తెలిసింది. అప్పుడు ఏమవుతుంది? మొదటిసారి చాలామందికి ఆ సంబరానికే మెలకువ వచ్చేస్తుంది. నిరాశపడకండి. కల పలచబడుతున్నట్టు అనిపిస్తే రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకోండి, లబెర్జ్ చెప్పిన చిట్కాల్లో ఇదొకటి. కలలో సున్నపుకాయ దొరికితే బొటనవేలితో పేరు మీద రుద్దుతూ ఉండండి, కాళ్ల కింద కడప బండల చల్లదనం గమనించండి. చేతుల్లో, కాళ్లలో స్పర్శ మీద మనసు పెడితే కల ఇంకాసేపు నిలవచ్చు. స్పర్శ విషయంలో ఆ సినిమా చెప్పింది ఇక్కడ పనికొస్తుంది, కలను పట్టివ్వడానికి కాదు, పట్టి ఉంచడానికి.

ఆ తర్వాత ఆలస్యం చేయకండి. మీరు చెప్పాలనుకున్నది ముందు చెప్పేయండి. ఇలాంటి కలలు చాలాసార్లు కొద్దిసేపట్లో తెగిపోతాయి. అవ్వను ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే మీ మాట మిగిలిపోతుంది. ఆమె మాట్లాడితే ఆ మాటలు మీ జ్ఞాపకంలోంచి వస్తాయి. పెంచిన మనిషి మాటతీరు, గొంతు, వక్క వాసన మీలో ఎంతగా ఇంకిపోయి ఉంటాయో అప్పుడు తెలుస్తుంది. అది చిన్న విషయం కాదు, దాన్ని కేవలం కలే కదా అని ఎవరైనా తీసిపారేస్తే పట్టించుకోకండి. అయితే పొలం కాగితాలు ఎక్కడున్నాయి, పోస్టు వస్తుందా రాదా అని అడిగి, ఆ జవాబు పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. మీకు తెలియనిది కలలోని అవ్వకూ తెలియదు. ఇంకోటి, కల అని తెలిసినంత మాత్రాన అన్నీ మనం అనుకున్నట్టు జరగవు. ఆమె మాట్లాడకుండా ఊరుకోవచ్చు, మొహం మారిపోవచ్చు, అరుగు ఖాళీ అయిపోవచ్చు. అలా జరిగితే అవ్వకు మీ మీద కోపమొచ్చిందని అర్థం చేసుకోకండి.

టాబ్లెట్ వద్దు. మీ ఫ్రెండ్ అంటున్నది గాలంటమైన్ అయి ఉంటుంది. అది అల్జీమర్స్ జబ్బుకు డాక్టర్లు రాసే మందు. దానితో ఇలాంటి కలలు పెరుగుతాయని పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. కానీ అది వాంతులు తెప్పించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. కల కోసం సొంతంగా మింగే మందు కాదు.

తెల్లవారుజామున లేచి మళ్లీ పడుకునేవాళ్లకు ఒక్కోసారి మెలకువ వచ్చి కూడా ఒళ్లు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. పల్లెల్లో దయ్యం కూర్చుందంటారు. రెమ్ నిద్రలోని ఆ కండరాల సడలింపు ఇంకా వదలకముందే మెలకువ రావడమే అది. కాసేపట్లో అదే పోతుంది, భయపడకుండా వేళ్లు కదిపే ప్రయత్నం చేయండి. పగటిపూట లోకమంతా కలలాగా, మీరు దూరం నుంచి చూస్తున్నట్టుగా అనిపించడం మొదలైతే మాత్రం ఈ పరీక్షలన్నీ వెంటనే ఆపేయండి. మునుపెప్పుడైనా లేని మాటలు వినపడటం, మనుషుల మీద విపరీతమైన అనుమానం లాంటి వాటికి చికిత్స తీసుకుని ఉంటే, మానసిక వైద్యుణ్ని అడగకుండా అసలు మొదలే పెట్టవద్దు. అవ్వ పోయిన దుఃఖం వల్ల చదువు మీద మనసు నిలవకపోవడం, తిండి సయించకపోవడం ఉంటే కలల కోసం ఆగకండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఏడాది తర్వాత కూడా ఏడుపు రావడంలో తప్పేమీ లేదు, పెంచిన మనిషి పోయింది.

అమ్మకు చెప్పండి. ఆమె మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకుంటే ఆమె మనసు కుదుటపడుతుందంటే మీరూ ఊరెళ్లి పక్కన కూర్చోండి. దానికీ మీ సాధనకూ తగాదా ఏమీ లేదు. చాటుగా చేస్తే, తెల్లవారుజామున మిద్దె మీద తిరిగే కొడుకును చూసి ఆమె టెన్షన్ రెట్టింపవుతుంది. మీలాగే ఆమె కూడా ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకుంది. అవ్వ ఆమె కలలోకి వస్తుందా, వస్తే ఎక్కడ కనిపిస్తుంది, ఏమంటుంది అని అడగండి. మీకు తెలియని అవ్వ సంగతులు కూడా బయటికి రావచ్చు.

వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం నిద్ర వేళలు సరిచేసి, నోట్‌బుక్ మొదలుపెట్టండి. కలలు గుర్తుండటం మొదలయ్యాక పేరు చదివే పరీక్ష, ముక్కు పరీక్ష, ఖాళీ జేబు సాధన, రాత్రి సంకల్పం కలపండి. మధ్యలో లేవడం డీఎస్సీ అయిపోయిన తర్వాతే. పరీక్ష హాలుకు సున్నపుకాయ తీసుకుపోవద్దు, గేటు దగ్గర చెకింగ్‌లో బయట పెట్టించేస్తే మీ మనసంతా దాని మీదే ఉంటుంది.